రొయ్యల బరువుల రేంజి చార్టు: నార్మల్ కాని డేటాకి ఏ హద్దులు పెట్టాలి?

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో క్వాలిటీ పని చేస్తున్నాను. గంటకోసారి 5 రొయ్యలు తూచి, పెద్దదానికీ చిన్నదానికీ తేడా, అంటే రేంజి, చార్టులో వేస్తాం. పై హద్దు సగటు రేంజికి 2.114 రెట్లు. పాఠ్యపుస్తకాల్లో ఉండే లెక్కే.

చిక్కేమిటంటే, మా బరువులు నార్మల్‌గా, అంటే సగటుకి రెండు వైపులా సమానంగా గంట ఆకారంలో, లేవు. చిన్నవే ఎక్కువ, అక్కడక్కడా బాగా పెరిగినవి, కుడివైపు పొడుగు తోక. చార్టు ఊరికే హద్దు దాటుతోంది, నాకేమో టెన్షన్.

5 శాంపిల్‌కి నార్మల్‌లో సగటు రేంజి 2.326 సిగ్మాలు (సిగ్మా అంటే స్టాండర్డ్ డీవియేషన్, బరువులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత). తోక బాగా సాగిన ఎక్స్‌పొనెన్షియల్‌కి చేత్తో లెక్క కట్టాను: 1 + 1/2 + 1/3 + 1/4, అంటే 2.083. ఇంతేనా తేడా అనిపించింది! విడిగా చూస్తే తెలిసింది. పెద్దది సగటుకి 1.28 సిగ్మాలు పైన, చిన్నది 0.8 మాత్రమే కింద. నార్మల్‌లో రెండు వైపులా 1.163. ఒక చివర సాగితే రెండోది ముడుచుకుంటోంది. కానీ రేంజి ఊగిసలాట (రేంజికి స్టాండర్డ్ డీవియేషన్) 0.864 సిగ్మాల నుంచి 1.193కి పెరిగింది. పై హద్దు అంటే సగటు రేంజి మీద మూడు ఊగిసలాటలు, ఆ లెక్కన అది సగటు రేంజికి 2.72 రెట్లు కావాలి. మా రొయ్యలు మరీ ఎక్స్‌పొనెన్షియల్ కావులెండి, మధ్యలో ఎక్కడో ఉంటాయి.

బరువులకి లాగ్ (లాగరిథమ్) తీసి చార్టు వేయమంటారా, పాత రీడింగుల పర్సంటైల్‌తో, అంటే దాదాపు అన్ని రీడింగులూ ఏ విలువ లోపు ఉన్నాయో చూసి, హద్దు పెట్టమంటారా? ఒక్కోసారి రెండు చెరువుల సరుకు కలిసిపోతుంది. అప్పుడు విడగొట్టడం తప్ప దారి లేదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.