పుదీనాకు అధిపతి నెప్ట్యూనా? ఆర్ట్ ప్రింట్ మీద రాసేది నిజమై ఉండాలా?

కంచె మీద తీగ:
తినే మొక్కల ప్రింట్ల సెట్ ఒకటి కొన్నాను. ఒక్కో షీటు మీద ఒక మొక్క, దాని గ్రహం, రాశి, పురాణ కథ. గీత అద్భుతం, అందులో పేచీ లేదు. పుదీనా ఆకు అంచున రంపపు పళ్లు, నాలుగు పలకల కాడ కూడా చక్కగా పట్టుకున్నారు. కింద మాత్రం "అధిపతి నెప్ట్యూన్, కల్పెపర్, 1652" అని ఉంది. నెప్ట్యూన్‌ను కనిపెట్టిందే 1846లో! ఇంగ్లండులో మూలికల పుస్తకం రాసిన నికొలస్ కల్పెపర్ పుదీనాను శుక్రుడికి ఇచ్చాడు. ఆయన లెక్కలో సూర్యచంద్రులతో కలిపి ఉన్నవి ఏడే. బొమ్మ బాగుంటే రాత ఎలా ఉన్నా సరేనా?

అర్ధచంద్రిక:
జ్యోతిషమే నమ్మకం కదండీ, అందులో మళ్లీ తప్పొప్పులా? గ్రహం మార్చినంత మాత్రాన పుదీనా ఘాటు తగ్గుతుందా?

లినో ఉలి:
నేనూ ఇలాంటి ప్రింట్లే చేస్తాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. పుదీనా వెనక గ్రీకు కథ ఉంది. మింథే అనే జలకన్యను పాతాళ రాణి పెర్సెఫోనీ కాలితో తొక్కేస్తే ఆమె పుదీనాగా మారిందంటారు. జలకన్య అంటే నీళ్లు, నీళ్ల దేవుడు నెప్ట్యూన్. ఆ ఆర్టిస్టు ఇలా ఆలోచించి ఉండొచ్చు, నాకు నచ్చింది కూడా.

అసలు పురాణంలో "సరైనది" ఎక్కడుంది? దానిమ్మే చూడండి. పాతాళంలో దాని గింజలు తిన్నందుకే పెర్సెఫోనీ ఏటా కొన్ని నెలలు అక్కడ ఉండాల్సొచ్చిందని కథ. ఆ గింజలు ఆరు అని ఇప్పుడు అందరూ అంటారు, ఆరు నెలలకు ఆరు అని. గ్రీకు కవి హోమర్ పేరు మీదున్న స్తోత్రంలో, అంటే పెర్సెఫోనీ తల్లి దిమీటర్ మీద ఉన్నదాంట్లో, తిన్నది ఒక్క గింజే, పాతాళవాసం ఏడాదిలో మూడో వంతే. ఇక రోమన్ కవి ఓవిడ్ అయితే ఒక కావ్యంలో ఏడు గింజలన్నాడు, ఇంకోదాంట్లో మూడన్నాడు. మనిషి ఒక్కడే! ఆయనకు లేని పట్టింపు మనకెందుకు?

కంచె మీద తీగ:
దానిమ్మకు ఎన్ని గింజలు వేసినా నేను అడగను. కథ చెప్పేవాళ్లు మారితే కథ మారుతుంది. నా గొడవంతా "కల్పెపర్, 1652" అన్న ముక్కతోనే. అది కథ కాదు, ఫలానా మనిషి ఫలానా ఏడాదిలో ఇలా రాశాడని సాక్ష్యం చెప్పడం. మీరు చెప్పిన జలకన్య లింకు చాలా బాగుంది, దాన్నే రాయొచ్చుగా!

అర్ధచంద్రిక గారూ, నేనూ జాతకాలు నమ్మను. కానీ నమ్మినవాళ్లు నోటికొచ్చిన గ్రహాన్ని తగిలించలేదు. సోపునే తీసుకోండి. కల్పెపర్ దాన్ని బుధుడికి, కన్యా రాశికి ఇచ్చాడు. కన్యకు ఎదురుగా ఉండేది మీనం. చేపలు కఫం చేస్తాయి, సోపు దాన్ని విరుస్తుంది, అందుకే చేపలతో కలిపి వండుతారు అని ఆయన వివరణ. వైద్యంగా అది ఇప్పుడు నిలవదు, ఒప్పుకుంటాను. కానీ ఎదురెదురు రాశుల్ని ఒక గిన్నెలో పెట్టిన ఆ లెక్క చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. ఇష్టమొచ్చిన గ్రహం వేసేస్తే ఇదంతా పోతుంది.

పెన్సిల్ నంబర్:
ప్రింట్లు కొనేవాడిగా ఒక మాట. లినోకట్ (లినోలియం పలక మీద చెక్కి అద్దే ప్రింటు) కింద అంచులో పెన్సిల్‌తో 12/50 అని ఉంటే, తీసినవి యాభయ్యేనని నమ్మి కొంటాం. చాటుగా అరవయ్యోది తీస్తే మోసమంటాం. ఆ నంబరుకు అంగుళం పైనున్న 1652కు మాత్రం మినహాయింపా?

గడ్డిపరక:
నా టెన్షన్ వేరు. ఇలాంటి సెట్లలో ఎల్డర్ అనే ఐరోపా పొద తరచూ కనిపిస్తుంది, మంత్రగత్తెల కథలతో. దాని పళ్లు ఉడికించి తింటారు కానీ పచ్చివి తింటే వాంతులు, ఆకులు, బెరడు విషం. షీటు మీద "తినదగినది" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఎలా? పుల్లటి కాడల రూబార్బ్ మొక్క కూడా అంతే, కాడ తింటారు, ఆకు ముట్టకూడదు. గ్రహం తప్పైతే నష్టం లేదు, ఇది తప్పైతే ఆసుపత్రే.

లినో ఉలి:
గడ్డిపరక గారి మాటకు ఎదురు లేదు. పెన్సిల్ నంబర్ గారు కొట్టిన దెబ్బ కూడా తగిలింది. మా బాధ కూడా వినండి మరి. లినో మీద ప్రతి అక్షరం అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. "శుక్రుడు" అన్న ఒక్క మాటకే వేళ్లు పోతాయి, వివరణలు చెక్కమంటే ఉలి పారేస్తాను. షీటు వెనకాల పెన్సిల్‌తో రెండు లైన్లు రాయగలను: ఏది పాత పుస్తకంలోది, ఏది నా ఊహ అని. బొమ్మ వైపు మాత్రం నా ఇష్టం.

అన్నట్టు నా దానిమ్మలో గింజలు ఐదే. ఆరోది చెక్కుతుంటే ఉలి జారింది. ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

కంచె మీద తీగ:
ఐదని ఏ కావ్యంలో ఉందండీ?

లినో ఉలి:
వెనకాల రాస్తాలెండి.