వేట నిషేధంలో బోటు, ఇంజను, ట్రాలీ: మంచు దేశపు పద్ధతి మన తీరానికి పనికివస్తుందా?

తుమ్మలపెంట అన్న:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం కనుక, ఆ రెండు నెలలూ బోటును ఒడ్డున ఎలా ఉంచాలన్న విషయమై మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తేలలేదు. నాది తొమ్మిది మీటర్ల ఫైబర్ బోటు, దాని వెనక బయటి అంచుకు తగిలించిన, పెట్రోలుతో నడిచే ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజను. కావలిలో వెల్డింగు చేయించుకున్న ట్రాలీ మీదికి బోటును ఎక్కించి, ట్రాక్టరుతో ఇంటి వెనక దొడ్డిలోకి లాగిస్తాను. మా తమ్ముడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడి చెరువులు గడ్డకట్టే కాలంలో అతడు తన అల్యూమినియం బోటును ట్రాలీతో సహా దాదాపు ఐదు నెలలు కదలకుండా భద్రపరుస్తాడు. ఆ పద్ధతినే నన్నూ పాటించమంటూ ఒక చిట్టా పంపాడు. పెట్రోలు ట్యాంకు నింపి, పెట్రోలు చెడకుండా ఉంచే మందు కలపాలట. గేరు ఆయిలు మార్చాలట. బోటు అడుగు బిరడా తీసి ముక్కు భాగం ఎత్తుగా ఉంచాలట. బ్యాటరీ ఇంట్లోకి తేవాలట. ట్రాలీ చక్రాలు నేలకు తగలకుండా లేపాలట. చివరికి అంతటినీ పట్టాతో బిగించి కప్పాలట. మా బోటు నడిపే సరంగు మాత్రం ట్యాంకులో చుక్క కూడా మిగలకూడదని, పట్టా బిగిస్తే ఇంజను ఉక్కకు పాడవుతుందని పట్టుబడుతున్నాడు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాకల మెకానిక్:
మీ తమ్ముడుగారి చిట్టాలో తప్పు లేదు, కాని అది వేరే శత్రువు కోసం రాసుకున్న చిట్టా. నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇంజను లోపలి నీటి దారుల్లోనో గేరు పెట్టెలోనో నీరు నిలిచి ఉంటే, ఆ ఉబ్బుకు పోత లోహం సైతం పగిలిపోతుంది. అందుకే అక్కడివారు ఔట్‌బోర్డును నిలువుగా నిలబెట్టి లోపలి నీటిని చివరి చుక్క వరకు దిగిపోనిస్తారు. బోటులోనే బిగించిన ఇంజన్లయితే గడ్డకట్టని గులాబీ రంగు ద్రవాన్ని నీటి దారుల్లోకి ఎక్కిస్తారు. మనకు రోళ్లు పగిలే రోహిణి కార్తె ఉంది గాని ఇంజన్లు పగిలే చలి లేదు. మన ఇంజన్లను తినేది ఉప్పు. చివరి వేట నుంచి వచ్చిన రోజే ఇంజనును మంచినీళ్ల పీపాలో నిలబెట్టి పది పదిహేను నిమిషాలు నడపకపోతే, లోపల ఆరిపోయిన ఉప్పు గట్టిపడి, జూన్‌లో ఇంజను వేడెక్కి ఆగిపోయేదాకా మీకు ఆ సంగతే తెలియదు. ఆ చిట్టాలో ఈ పని లేదంటే ఆశ్చర్యం లేదు. మంచినీటి చెరువులో తిరిగే బోటుకు ఆ అవసరమే రాదు.

ట్యాంకు విషయంలో నేను మీ సరంగు పక్షమే. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరులో మిగిలిన పెట్రోలు ఎండిపోయి జిగురుగా మారితే, సూదిమొనంత ఉండే జెట్టు రంధ్రం మూసుకుపోతుంది. నిషేధం ముగిసిన వారంలో నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో ఎక్కువ భాగం ఈ జబ్బుతోనే వస్తాయి. పీపాలో నడుస్తుండగానే పెట్రోలు పైపు ఊడదీసి, ఇంజను దానంతట అదే ఆగేవరకు ఉంచండి. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపవద్దు, నీటి పంపులోని రబ్బరు రెక్కలు మాడిపోతాయి.

మిన్నెసోటా తమ్ముడు:
అన్నయ్య పంపిన లంకె చూసి ఇక్కడికి వచ్చాను. మెకానిక్ గారు ఉప్పు గురించి చెప్పినది నేను ఆలోచించని విషయం, దానిని ఒప్పుకుంటున్నాను. కార్బొరేటరు ఖాళీ చేయడం, ట్యాంకు ఖాళీ చేయడం మాత్రం రెండు వేర్వేరు పనులు. ట్యాంకు నింపమనడానికి కారణం గాలి. ట్యాంకులో ఖాళీ స్థలం ఉంటే అందులోని గాలి పగటి వేడికి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమతో కూడిన కొత్త గాలి లోపలికి వస్తుంది. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, మన దేశపు బంకుల్లో ఇప్పుడు 20 శాతం వరకు ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్న నీరు హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి వేరుపడి ట్యాంకు అడుగుకు చేరతాయి, ఇంజనుకు పెట్రోలు వెళ్లే గొట్టం ఉండేది ఆ అడుగునే. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది కనుక మాకు ఈ భయం ఎక్కువ. అయినా ఉప్పుగాలిలో తేమ తక్కువా? సగం నింపి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది, ఇక్కడైనా అక్కడైనా.

కొత్తపట్నం తీరం:
తమ్ముడుగారు చెప్పిన శాస్త్రం బాగానే ఉంది. కాని మే నెలలో, పూరిళ్ల మధ్య, వంటపొయ్యికి పది అడుగుల దూరంలో నిండు పెట్రోలు ట్యాంకును రెండు నెలలు ఉంచమనడం నాకు సబబుగా తోచలేదు. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది. మూతి దాకా నింపిన ట్యాంకు మూత సందులోంచి కారడం నేను స్వయంగా చూశాను. పైగా మన ఔట్‌బోర్డులకు ఉండేది బోటులో బిగించిన ట్యాంకు కాదు, చేత్తో ఎత్తుకుపోగలిగిన పాతిక లీటర్ల డబ్బా. దానిలో మిగిలిన పెట్రోలును మోటారు సైకిల్లో పోసుకుంటే వారంలో అయిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజను కోసం ఆయిలు కలిపిన పెట్రోలును మాత్రం ఆ పనికి వాడకూడదు. ఐదు నెలల చలికాలం కోసం చేసే ఏర్పాటును రెండు నెలల విరామానికి చేయడం నా దృష్టిలో అనవసరపు శ్రమ, అంతకు మించి ప్రమాదం.

పట్టా గురించి మాత్రం ఎవరితోనూ ఏకీభవించలేకపోతున్నాను. మంచు దేశంలో కప్పు ఏటవాలుగా ఉండేది మంచు బరువు నిలవకుండా జారిపోవడానికి. మన దగ్గర కప్పు కావలసింది ఎండకు. ఎండకు ఫైబరు పైపూత సున్నంలా పొడి రాలుతుంది. బోటుకు అంటుకునేలా బిగించిన పట్టా సముద్రపు గాలికి రోజంతా కొట్టుకుంటూ, మధ్యలో చేరిన ఇసుకతో ఆ పూతనే గీకేస్తుంది. నాలుగు గుంజలు పాతి, బోటుకు రెండడుగుల ఎత్తున తాటాకు పందిరి వేసుకుంటే నీడా దక్కుతుంది, గాలీ ఆడుతుంది. మా నాన్నగారు చెక్క తెప్పలకు ఇదే చేసేవారు, నేను ఫైబరుకు చేస్తున్నాను.

బిరడా విషయంలో తమ్ముడుగారిదే సరైన మాట. మండువేసవిలో వాన ఎక్కడిదని చాలామంది బిరడా బిగించే ఉంచుతారు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడేవే అయినా, మే నెలలోనూ తుపానులు వచ్చాయి. లోపలి వైశాల్యం 15 చదరపు మీటర్లున్న బోటులో 10 సెంటీమీటర్ల వాన నిలిస్తే 1500 లీటర్లు, అంటే ఒకటిన్నర టన్ను బరువు. ఆ బరువంతా ట్రాలీ ఇరుసు మీద పడుతుంది.

మైపాడు కిరోసిన్:
కిరోసిన్‌తో నడిచే ఇంజన్లు ఉన్నవారికి ఒక్క మాట. ఆపే ముందు పెట్రోలుకు మార్చి, కార్బొరేటరులోని కిరోసిన్ మొత్తం కాలిపోయేవరకు నడిపి, ఆ తర్వాతే ఖాళీ చేయాలి. లేకపోతే జూన్‌లో తాడు లాగి లాగి భుజం ఊడిపోతుంది గాని ఇంజను పలకదు.

మిన్నెసోటా తమ్ముడు:
డబ్బా ట్యాంకు సంగతి నాకు తట్టలేదు, మా బోటులో ట్యాంకు బోటుకే బిగించి ఉంటుంది. నిప్పు భయం ఉన్నచోట నింపమని ఇక చెప్పను. బ్యాటరీని మాత్రం వదలవద్దు, అన్నయ్యా. ఇక్కడ ఛార్జి దిగిపోయిన బ్యాటరీ సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులుతుంది, నిండు ఛార్జి ఉన్నది ఇక్కడి చలికి తట్టుకుంటుంది. అక్కడ గడ్డకట్టదు గాని, వేడికి ఛార్జి ఇంకా త్వరగా దిగిపోతుంది. దీపాలకూ జీపీఎస్‌కూ వాడే బ్యాటరీని విప్పి, నెలకొకసారైనా ఛార్జి పెట్టించు.

పాకల మెకానిక్:
ఇంతసేపూ అందరం ట్యాంకు చుట్టూనే తిరుగుతున్నాం గాని, చిట్టాలో రెండో మాటగా ఉన్న గేరు ఆయిలును ఎవరూ పట్టించుకోలేదు. ఇంజనును ఒక రాత్రి నిలువుగా ఉంచి, ఉదయాన్నే గేరు పెట్టె కింది స్క్రూను కొద్దిగా వదులు చేయండి. నీరు బరువైనది కనుక లోపల ఉంటే అదే ముందు వస్తుంది. ఆయిలుతో కలిసి చిలికి ఉంటే మజ్జిగలా తెల్లగా వస్తుంది. మంచు దేశంలో ఆ నీరు గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. ఇక్కడ అదే ఉప్పునీరు రెండు నెలలు గేర్ల మీదా బేరింగుల మీదా కూర్చుని తుప్పు పట్టిస్తుంది, పెట్టె మాత్రం పైకి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

ట్రాలీ చక్రాల సంగతి కూడా అటువంటిదే. ఎండలో నడిచి వేడెక్కిన హబ్బును, అంటే చక్రం మధ్య బేరింగులుండే భాగాన్ని, నేరుగా సముద్రంలోకి దించితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోయి, నీరు చొరకుండా ఆపే సీలు పక్కనుంచి నీటిని లోపలికి లాగుతుంది. చక్రాలను ఇటుకల మీద లేపడం మంచిదే, కాని అంతకుముందే హబ్బులు విప్పి పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాలి.

తుమ్మలపెంట అన్న:
మెకానిక్ గారు చెప్పినట్లు నిన్న రాత్రి ఇంజనును దొడ్డిలో గుంజకు నిలబెట్టి, ఈ ఉదయం కింది స్క్రూ వదులు చేశాను. ముందు చారెడు ఉప్పునీరు, దాని వెనకే మజ్జిగ వచ్చింది. బోటును నెట్టే ఫ్యాను విప్పి చూస్తే దాని ఇరుసుకు నైలాన్ వల దారం నాలుగు చుట్లు బిగుసుకొని, ఆయిలు సీలు అంచును కోసేసి ఉంది. వల ఎప్పుడు తగిలిందో సరంగుకూ గుర్తులేదు. ఆయిలు పూర్తిగా దింపేసి, కొత్త సీళ్ల కోసం మధ్యాహ్నం కావలి వెళుతున్నాను. డబ్బాలోని పెట్రోలు సగం ఇప్పటికే మా అబ్బాయి బండిలోకి వెళ్లింది, పందిరికి తాటాకులు రేపు వస్తాయి. ట్రాలీ హబ్బుల్లో ఒకటి విప్పగానే గ్రీజుకు బదులు ఎర్రటి తుప్పునీరు కారింది, రెండోది ఇంకా విప్పలేదు. కొత్త సీలు బిగించిన తర్వాత, బోటు నీటిలోకి దిగకముందే అది నీరు పట్టడం లేదని తెలుసుకునే ఉపాయం ఏమైనా ఉంటే మెకానిక్ గారు చెప్పగలరు.

పాకల మెకానిక్:
ఉంది. కొత్త ఆయిలు పోయకముందే, పై స్క్రూ రంధ్రానికి చిన్న గాలి పంపు బిగించి కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, గేరు పెట్టెను నీళ్ల పీపాలో ముంచండి. సీలు దగ్గర బుడగలు రాకపోతే సరిగ్గా కూర్చున్నట్టే. గాలి ఎక్కువ కొట్టకండి, కొత్త సీలే బయటికి తన్నుకొస్తుంది. కావలిలో సీళ్లు కొనేటప్పుడు ఇరుసు మీద పాత సీలు అరిగించిన గాడి ఉందేమో గోరుతో తడిమి చూసుకుని వెళ్లండి. గాడి గోరుకు తగిలితే సీలు ఒక్కటే మార్చి ప్రయోజనం ఉండదు.