కారుకు ఉన్న సెన్సర్ విమానం రెక్కకు ఎందుకు లేదు?

మాది తిరుపతి. పోయిన నెల రేణిగుంటలో హైదరాబాద్ విమానం ఎక్కాం. నాన్నగారు ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. కిటికీ పక్కన కూర్చుని రెక్క కొస మీదనుంచి చూపు తిప్పలేదు. "అద్దం లేదు, వెనక ఈల వేసే కండక్టర్ లేడు. ఆ కొస దేనికైనా తగిలితే?" అన్నారు. నవ్వేశాను.

ఇంటికొచ్చి చదివాక నవ్వు పోయింది. 2011లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో టాక్సీవే (రన్‌వేకి వెళ్లొచ్చే దారి) మీద వెళ్తున్న ఏ380 అనే భారీ విమానం రెక్క కొస, ఆగి ఉన్న చిన్న విమానం తోకకు తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. 2024 మార్చిలో కోల్‌కతాలోనూ రెండు విమానాల రెక్కలు రాసుకున్నాయి. ఏ380 రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు. కాక్‌పిట్‌లోంచి కొసలు కనబడవట!

ముందు చక్రం నేల మీద గీసిన పసుపు గీత మీద ఉంటే పక్కన చోటు ఉన్నట్టేనని లెక్క అనుకుంటాను. కానీ పక్క విమానం తాను ఆగాల్సిన చోటులోకి పూర్తిగా వెళ్లకుండా, తోక బయటే ఉంచి ఆగితే? అప్పుడు చూసుకోవాల్సింది పైలటా, కంట్రోల్ టవరా? మామూలు కారుకే సెన్సర్ ఉంటున్న రోజుల్లో రెక్క కొసకు పెట్టడంలో ఇబ్బంది ఏమిటి?

ఈ రంగంలో పనిచేసేవారు ఎవరైనా వివరించగలరా? వచ్చే నెల మళ్లీ ప్రయాణం ఉంది, నాన్నగారు అడగకుండా ఉండరు.