1919లో అఫ్గాన్లు గెలిచారా, బ్రిటిష్‌వాళ్లు వదిలించుకున్నారా?

కృష్ణాతీరం:
ఆగస్టు 19 వస్తే చాలు, అఫ్గానిస్తాన్ స్వాతంత్ర్య దినం అంటూ మా గ్రూపుల్లో ఒకటే మెసేజ్ చక్కర్లు కొడుతుంది. బ్రిటిష్‌వాళ్లు ఏనాడూ పాలించలేకపోయిన దేశమట, మూడు యుద్ధాల్లోనూ తరిమికొట్టిందట. నా అనుమానం ఒకటే. వాళ్లు పాలించనే లేదంటే స్వాతంత్ర్యం దేని నుంచి వచ్చినట్టు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాగితాలు:
ఆ మెసేజ్ రాసినవాళ్లు 1842 దగ్గరే ఆగిపోయారండీ. ఆ జనవరిలో కాబూల్ నుంచి వెనుదిరిగిన బ్రిటిష్ పటాలం, సుమారు 4,500 మంది సైనికులు, 12,000 మంది పరివారం, జలాలాబాద్ చేరేలోపే తుడిచిపెట్టుకుపోయింది. గుర్రం మీద ఒంటరిగా చేరిన డాక్టర్ బ్రైడన్ కథ అందరికీ తెలుసు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది హిందుస్తానీ సిపాయిలు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు అన్న సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మీ ప్రశ్నకు జవాబు 1879 మేలో ఉంది. గండమక్ సంధిలో అప్పటి అమీర్ (రాజు) యాకూబ్ ఖాన్ విదేశీ వ్యవహారాలన్నీ బ్రిటిష్‌వాళ్ల చేతిలో పెట్టాడు. సెప్టెంబరులో వాళ్ల రాయబారి కవాన్యారీని కాబూల్లో చంపేశారు, మళ్లీ యుద్ధం. మరుసటి ఏడు మైవంద్‌లో యాకూబ్ తమ్ముడు అయూబ్ ఖాన్ బ్రిటిష్ దళాన్ని చిత్తు చేశాడు. అయినా 1880లో గద్దెనెక్కిన అబ్దుర్ రహ్మాన్ అదే ఏర్పాటుకు ఒప్పుకున్నాడు. లోపల ఆయన చెప్పిందే శాసనం. వేరే దేశానికి ఉత్తరం రాయాలంటే మాత్రం వైస్రాయ్ ద్వారానే. అందుకు ప్రతిఫలంగా 1883 నుంచి ఏటా 12 లక్షల రూపాయలు, 1893లో ఇండియాతో సరిహద్దుగా గీసిన డ్యూరాండ్ గీతకు ఒప్పుకున్నాక 18 లక్షలు. 1907లో రష్యా, బ్రిటన్ కూర్చుని అఫ్గానిస్తాన్ ఎవరి ప్రభావంలో ఉండాలో తేల్చుకుంటే అబ్దుర్ రహ్మాన్ కొడుకు అమీర్ హబీబుల్లాను అడిగిన పాపాన పోలేదు. 1919లో పోయింది ఈ బంధనమే.

మైదుకూరు మాస్టారు:
బాగా చెప్పారు. కానీ యుద్ధభూమిలో లెక్క చూస్తే 1919లో అఫ్గాన్లు గెలిచింది లేదు. మే మొదటి వారంలో వాళ్ల సేన ఖైబర్ దగ్గర బాగ్ గ్రామంలోకి దిగింది. పది రోజులు తిరక్కుండానే బ్రిటిష్‌వాళ్లు సరిహద్దు దాటి డక్కాలో కూర్చున్నారు. 27న అఫ్గాన్ల స్పిన్ బోల్దక్ కోట పోయింది. 24న ఒకే ఒక హాండ్లీ పేజ్ విమానం కాబూల్ మీద బాంబులు వేసి వెళ్లింది. యుద్ధం ఆపుదామని ముందు ఉత్తరం రాసింది కొత్త అమీర్ అమానుల్లానే. జూన్ 3కి కాల్పుల విరమణ. నెల రోజుల యుద్ధాన్ని పట్టుకుని తరిమికొట్టారు అంటే ఎలా?

పాతకాగితాలు:
ఆ ఉత్తరంలోనే దెప్పిపొడుపు కూడా ఉంది మాస్టారూ. లండన్ మీద జర్మన్ జెప్పెలిన్లు బాంబులు వేస్తే అనాగరికం అన్నారు, ఇప్పుడు మీరు చేసిందేమిటి అని అడిగాడు అమానుల్లా.

ఎర్రమన్ను:
మాస్టారు థల్ సంగతి వదిలేశారు. అఫ్గాన్ సేనాని నాదిర్ ఖాన్ ఖోస్త్ వైపు నుంచి దిగి బ్రిటిష్‌వాళ్ల థల్ కోటను ముట్టడించగానే బ్రిటిష్‌వాళ్లకు టెన్షన్ మొదలైంది. వజీరిస్తాన్ మిలీషియా తిరగబడింది. ఖైబర్ రైఫిల్స్‌లో జవాన్లు జారుకుంటుంటే ఆ దళాన్నే రద్దు చేయాల్సి వచ్చింది. వాళ్ల జీతం తిన్న పష్తూన్లే అటు తిరిగితే అది దెబ్బ కాదా? నాలుగేళ్ల ప్రపంచ యుద్ధం చేసి సైన్యం ఇళ్లకు పోదామని చూస్తోంది, ఇటు పంజాబ్ మండిపోతోంది. థల్‌ను విడిపించడానికి పంపింది ఎవర్నో తెలుసా? ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్నే. బలహీనుడైన శత్రువు ముందు ఎవరూ అంత తొందరగా సంధికి కూర్చోరు.

కృష్ణాతీరం:
అసలు అమానుల్లా యుద్ధానికి ఎందుకు దిగినట్టు? దేశం కోసమా, కుర్చీ కోసమా?

మైదుకూరు మాస్టారు:
కుర్చీ కోసమే అంటాను. ఫిబ్రవరి 20న తండ్రి హబీబుల్లా వేటకు వెళ్లిన చోట గుడారంలో హత్యకు గురయ్యాడు. బాబాయి నస్రుల్లా జలాలాబాద్‌లో తానే అమీర్‌నని ప్రకటించుకున్నాడు, ఇతను కాబూల్లో ఖజానా, సైన్యం పట్టుకుని జీతాలు పెంచుతానన్నాడు. మార్చిలో వైస్రాయ్‌కి తమది స్వతంత్ర దేశమని రాశాడు. ఇంట్లో పోరు తప్పించుకోవడానికి బయట పోరు పెట్టుకున్నాడు.

పాతకాగితాలు:
కుర్చీ లెక్క ఉందనుకోండి, కాదనను. కానీ ఆ కోరిక అతను కనిపెట్టింది కాదు. 1911 నుంచే మహ్మూద్ తర్జీ తన పత్రిక సిరాజుల్ అఖ్బార్‌లో ఆ మాటే రాస్తూ వచ్చాడు. అమానుల్లా అతని అల్లుడే. 1915 డిసెంబరులో మన విప్లవకారులు రాజా మహేంద్ర ప్రతాప్, మౌల్వీ బర్కతుల్లా తాత్కాలిక భారత ప్రభుత్వం పెట్టింది కూడా కాబూల్లోనే. హబీబుల్లా వాళ్లను, వాళ్లతో వచ్చిన జర్మన్ బృందాన్ని మర్యాదగా కూర్చోబెట్టి చివరికి తటస్థంగా ఉండిపోయాడు. యుద్ధం అయ్యాక ఆ మంచితనానికి బదులుగా పూర్తి స్వాతంత్ర్యం అడిగితే బ్రిటన్ ఇవ్వలేదు. కొడుకు తరానికి కోపం రాదా?

ఇక సంధి. ఆగస్టు 8 నాటి రావల్పిండి ఒప్పందంలో స్వాతంత్ర్యం అన్న మాటే లేదు. ఇండియా మీదుగా ఆయుధాలు తెచ్చుకునే హక్కు రద్దు, ఏటా ఇచ్చే డబ్బు రద్దు, బాకీ ఉన్నదీ జప్తు, తండ్రి ఒప్పుకున్న సరిహద్దుకు కొడుకూ ఒప్పుకోవాలి. చూస్తే ఓడినవాడి సంతకంలా ఉంటుంది. దానికి జతచేసిన బ్రిటిష్ ప్రతినిధి హామిల్టన్ గ్రాంట్ ఉత్తరంలో మాత్రం అఫ్గానిస్తాన్ ఇంటా బయటా వ్యవహారాల్లో స్వతంత్రమని ఉంది. నా దృష్టిలో ఇది గెలుపూ కాదు, దానమూ కాదు, బేరం. ఏటా వచ్చే లక్షలు వదులుకుని, ఎవరికి కావాలంటే వాళ్లకు ఉత్తరం రాసుకునే హక్కు తీసుకున్నాడు. అక్టోబరుకల్లా అతని రాయబారులు మాస్కోలో ఉన్నారు.

ఎర్రమన్ను:
బేరమే అయితే బ్రిటిష్‌వాళ్లు మనసు మార్చుకోవాలని ఎందుకు చూశారండీ? 1920లో ముస్సోరీలో నెలల తరబడి తర్జీతో మాట్లాడి ఏమీ తేల్చలేదు. 1921లో కాబూల్లో బ్రిటిష్ దూత డాబ్స్ మళ్లీ బయటి వ్యవహారాల మీద పట్టు కోసం ప్రయత్నించాడు. అప్పటికే సోవియట్లతో ఒప్పందం అయిపోయింది కాబట్టి నవంబరు 22న దిగొచ్చి సంతకం పెట్టాడు. 1919 తేదీ జెండాకు, 1921 తేదీ అసలు పనికి.

కొత్తగా వచ్చాను:
మరి 1929లో అమానుల్లాను దించింది బ్రిటిష్‌వాళ్లే కదా? లారెన్స్ ఆఫ్ అరేబియా అక్కడే ఉన్నాడట!

పాతకాగితాలు:
లారెన్స్ 1928లో సరిహద్దు దగ్గర బ్రిటిష్‌వాళ్ల మిరన్షా వైమానిక స్థావరంలో పేరు మార్చుకుని చిన్న ఉద్యోగం చేస్తూ ఉన్నాడు, నిజమే. పత్రికలు గోల చేస్తే 1929 జనవరిలో ఇంగ్లాండ్ పంపేశారు. తిరుగుబాటు అతను చేయించాడనడానికి ఆధారం లేదు. తూర్పున షిన్వారీ తెగవాళ్లు, ఉత్తరం నుంచి హబీబుల్లా కలకానీ అనే మరో తిరుగుబాటుదారు కలిసి అమానుల్లాను దించారు. తర్వాత గద్దెనెక్కిన నాదిర్ షాకు (థల్‌ను ముట్టడించిన ఆ నాదిర్ ఖానే) బ్రిటన్ తుపాకులూ డబ్బూ ఇచ్చింది, అది వేరే కథ.

మైదుకూరు మాస్టారు:
బేరం అన్న మాట ఒప్పుకుంటాను గానీ, దాని ఖరీదు లక్షల రూపాయల్లో కాదు, ఆ సరిహద్దు గీతలో చూడండి. 1919లోనూ, 1921లోనూ దానికి సంతకం పెట్టి, 1947 సెప్టెంబరులో పాకిస్తాన్‌ను ఐక్యరాజ్య సమితిలో చేర్చుకునేటప్పుడు వద్దని ఓటేసిన ఒకే ఒక్క దేశం అఫ్గానిస్తాన్. తర్వాతి నెలలో ఆ ఓటు వెనక్కి తీసుకున్నారు. 1949లో లోయా జిర్గా (అఫ్గాన్ పెద్దల మహాసభ) ఆ ఒప్పందాలే చెల్లవంది. గీత మాత్రం ఉన్నచోటే ఉంది.