నాన్-అటెండింగ్‌లో సోషల్ బీఈడీ చేస్తే తప్పేంటి?

దేవరకొండ వైపు నుంచి (ప్రశ్న)
అందరికీ నమస్కారం. నేను బీఏ హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) పూర్తి చేశాను. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాస్తే నల్లగొండ దగ్గర ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో సోషల్ మెథడాలజీ (సోషల్ బోధించే పద్ధతి) సీటు వచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి వెళ్తే ఆఫీసులో ఒకాయన “రోజూ వచ్చి ఏం చేస్తవు? ఇంకొంచెం కట్టు, పరీక్షలప్పుడు వస్తే చాలు” అన్నాడు. దీన్నే నాన్-అటెండింగ్ అంటారట. మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి. సీనియర్లేమో ఈ రెండేళ్లు హైదరాబాద్‌లో రూం తీసుకుని డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష) కోచింగ్‌కు పొమ్మంటున్నారు. నాన్నకు మూడెకరాల పత్తి తప్ప వేరే ఆధారం లేదు. రెండేళ్లు ఊరికే పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

దిల్‌సుఖ్‌నగర్ రూం నుంచి
తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు చెప్తా. మన తెలంగాణలో 2017 టీఆర్‌టీ (అప్పుడు డీఎస్సీకి పెట్టిన పేరు) తర్వాత మళ్లీ నియామకాల దాకా వెళ్లింది 2024 డీఎస్సీయే. మధ్యలో 2023లో 5,089 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. 2024లో 11,062 పోస్టులన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. అందులో 6,508 ఎస్జీటీలే (చిన్న తరగతుల టీచర్లు), అవి డీఎడ్ వాళ్లకు. స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులకూ కలిపి 2,629. దాన్ని సబ్జెక్టులకు, జిల్లాలకు పంచితే సోషల్‌కు ఏం మిగులుతుందో నువ్వే చూసుకో.
పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) 20 వెయిటేజీ. నీ అటెండెన్స్ ఎన్ని రోజులో అక్కడ ఎవరూ అడగరు. నేను నాన్-అటెండింగే చేశాను. నాకేం తప్పనిపించలేదు.

పాలమూరు జిల్లా, జెడ్పీ హైస్కూల్ నుంచి
పై తమ్ముడి లెక్కలు సరైనవే. నేను ఆ 2017 నోటిఫికేషన్‌లోనే ఉద్యోగంలోకి వచ్చాను. 2015లో బీఈడీని రెండేళ్ల కోర్సుగా మార్చాక చేరిన మొదటి బ్యాచ్ మాది. మాదీ చిన్న కాలేజీయే. రేకుల షెడ్డు, రెండు బీరువాల లైబ్రరీ. ఫ్యాను తిరిగితే చార్టులు ఎగిరేవి.

ఇంటర్న్‌షిప్‌లో నాకు వలసల పాఠం వచ్చింది. రాత్రంతా కూర్చుని పీరియడ్ ప్లాన్ రాశాను. ఇండియా మ్యాప్ మీద ఎర్ర బాణాలు గీసుకుని వెళ్లాను. బోర్డు మీద నిర్వచనం రాసి, “వలస అంటే ఏంటో ఎవరు చెప్తారు?” అన్నాను. ముందు బెంచీ పిల్లలు నేను రాసిందే చదివారు. వెనక నుంచి ఒక పిల్లగాడు లేచి “పోవుడు కాదు సార్, ముందు అడ్వాన్స్ తీసుకునుడు” అన్నాడు. వాళ్లమ్మానాన్నలు గుంపు మేస్త్రీ దగ్గర పైసలు తీసుకుని పూణె పోయారు. వాడు నానమ్మ దగ్గర ఉంటున్నాడు. బోర్డు మీది నిర్వచనం తుడిచేశాను. వాడు చెప్తుంటే అడ్వాన్స్, లారీ, పూణె, పండుగకు రాక, మళ్లీ అడ్వాన్స్ అని వరుసగా రాసుకుంటూ పోయాను. పాలమూరు లేబర్ అని మనం విన్న మాటంతా ఆ బోర్డు మీదికి వచ్చింది.

బాగా చెప్పాననే అనుకున్నా. పీరియడ్ అయ్యాక వెనక బెంచీలో కూర్చున్న మా లెక్చరర్ మేడమ్ పరిశీలన పుస్తకం చేతిలో పెట్టారు. “పదిహేడు ప్రశ్నలు అడిగావు. పద్నాలుగు ముందు రెండు బెంచీలకే. ఆడపిల్లలను ఒక్కటీ అడగలేదు” అని రాసి ఉంది. నాకు ముఖం చెల్లలేదు. ఇవాళ్టికీ క్లాసులోకి పోతే ముందు వెనక బెంచీ వైపే చూస్తాను. ఆ ఒక్క పేజీ నన్ను టీచర్‌ను చేసింది. ఏ కోచింగ్ సెంటర్‌లోనైనా వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాళ్లు ఉంటారా తమ్ముడూ?

ఇంకో మాట. టీచర్ల శిక్షణకు నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఆఫీసాయన ఎక్కువ కట్టమనేది దొంగ సంతకాలకే. పత్తి అమ్మిన పైసలు దానికి పెట్టకు.

దిల్‌సుఖ్‌నగర్ రూం నుంచి
సార్, మీకు అలాంటి మేడమ్ దొరికారు. మా కాలేజీలో సోషల్‌కు లెక్చరరే లేడు. రోజూ వెళ్లిన ఇద్దరు ముగ్గురు చెట్టు కింద కూర్చుని వచ్చేవాళ్లు. అలాంటి చోటుకు రోజూ బస్సు చార్జీలు పెట్టుకుని పోవాలా?

మిర్యాలగూడ నుంచి
ఇద్దరి మాటల్లోనూ నిజముంది కానీ నా సంగతి వేరు. బాబుకు ఏడాది నిండకముందే సీటు వచ్చింది. ప్రైవేటు స్కూల్ జీతం లేకపోతే ఇల్లు గడవదు. నాన్-అటెండింగే చేశాను. రికార్డులు కూడా జిరాక్స్ షాపు దగ్గర డబ్బులిచ్చి రాయించాను. ఇప్పుడు ఎనిమిదో తరగతికి పాఠం చెప్తుంటే పిల్లలు ఎందుకు వినట్లేదో నాకు అర్థం కాదు. చెప్పేవాళ్లు లేరు. సార్ చెప్పిన ఆ పేజీ సంగతి చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తమ్ముడూ, నీకు చంటిబిడ్డ లేదు, నెల జీతం మీద ఆధారపడ్డ ఇల్లు కాదు. వీలుంటే వెళ్లు.

పాలమూరు జిల్లా, జెడ్పీ హైస్కూల్ నుంచి
లెక్చరర్ లేని కాలేజీ గురించి అడిగిన తమ్ముడి మాట న్యాయమైనదే. అందుకే చేరే ముందు ఆఫీసులో కాదు, చదువుతున్నవాళ్లను అడగాలి. సోషల్ మెథడాలజీ ఎవరు చెప్తున్నారు, టీచింగ్ ప్రాక్టీస్ చూడటానికి స్కూలుకు ఎవరైనా వస్తున్నారా, ఈ రెండూ తెలిస్తే చాలు. ఎవరూ రారని తెలిస్తే తర్వాతి కౌన్సెలింగ్‌లో కాలేజీ మార్చుకో.

ఇక మార్కుల సంగతి. 2024 స్కూల్ అసిస్టెంట్ పేపర్‌లో కంటెంట్‌కు 44, మెథడాలజీకి 16. ఆ 16 మార్కులు క్లాసులో నిలబడి పాఠం చెప్పినవాడికి బట్టీ పట్టకుండానే సగం వస్తాయి. నీకు అసలు ఇబ్బంది జాగ్రఫీ. హెచ్‌ఈపీలో అది లేదు. ఆరు నుంచి పదో తరగతి వరకు సోషల్ పుస్తకాలు తీసుకుని, బస్సులో రోజూ ఒక పాఠం చదువు. రెండు బస్సులంటే రెండు గంటలు చేతిలో ఉన్నట్టే.

దిల్‌సుఖ్‌నగర్ రూం నుంచి
నా అభిప్రాయం మారలేదు. చివరి ఆరు నెలలైనా కోచింగ్ తీసుకోకపోతే కష్టం. కానీ దొంగ సంతకాలకు పైసలు కట్టొద్దన్న మాట మాత్రం ఒప్పుకుంటా. ఆ డబ్బు దాచుకుని తర్వాత కోచింగ్‌కు వాడుకో.

దేవరకొండ వైపు నుంచి (ప్రశ్న)
అక్కకు, అన్నకు, సార్‌కు థాంక్స్. నిన్న కాలేజీకి వెళ్లి సెకండియర్ వాళ్లను కలిశాను. సోషల్‌కు ఒక సార్ ఉన్నారట, ఇంటర్న్‌షిప్ చూడటానికి బైక్ మీద స్కూళ్లకు వస్తారట. సోమవారం నుంచి రోజూ వస్తానని ఆఫీసులో చెప్పేశాను. ఆయనకు నచ్చలేదు.
సార్, ఒక్కటి అడగాలి. మా పక్క ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ముసలివాళ్లు ఉన్నారు. నీటి వనరుల పాఠం చెప్పేటప్పుడు వాళ్లలో ఒకరిని క్లాసుకు పిలిపించి మాట్లాడించవచ్చా? హెడ్‌మాస్టర్ ఒప్పుకుంటారా? వాళ్లకు చిన్నతనంగా అనిపించకుండా ఎలా అడగాలి?