పట్టా కింద వేలాడే రోలర్ కోస్టర్ మోడల్: లూప్‌లో బండి పట్టేస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. హన్మకొండలో పాలిటెక్నిక్ మెకానికల్ చదువుతున్నా. ప్రాజెక్టుకు ఇన్‌వర్టెడ్ కోస్టర్ మోడల్ చేస్తున్నాం. పట్టా నెత్తి మీద, బండి కింద, కాళ్లు గాల్లో. 1992లో షికాగో దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో మొదలైన బ్యాట్‌మన్ ది రైడ్ ఈ రకంలో మొదటిది, కట్టింది స్విట్జర్లాండ్ కంపెనీ బొలిగర్ అండ్ మాబియార్డ్. పాత సస్పెండెడ్ కోస్టర్లలో బండి పక్కలకు ఊగుతుంది. ఇందులో ఊగదు, చక్రాలుండే చట్రానికి (బోగీ) గట్టిగా బిగించి ఉంటుంది.

మట్టెవాడలో వెల్డింగ్ షాపులో ఇనుప రాడ్ వంచి పట్టా చేయించాం. బరువు మోసే చక్రాలు, పక్క చక్రాలు, అటువైపు నుంచి పట్టి ఉంచే చక్రాలు అన్నీ పెట్టాం. దిగేటప్పుడు బాగానే వస్తది. లూప్ మొదట్లో పక్క చక్రాలు పట్టేస్తున్నాయి, పైకి వెళ్లేసరికి ఊపు చచ్చిపోతోంది. వంపులో రెండు రాడ్ల మధ్య దూరం తగ్గిందని నా అనుమానం. మా సార్ మాత్రం లూప్ గుండ్రంగా కాదు, నీటిబొట్టు ఆకారంలో ఉండాలంటున్నారు. అదీ నిజమే అనిపిస్తోంది.

అసలు తికమక ఇంకోటి. లూప్‌లో బండి పట్టాకు బయటి వైపు తిరుగుతుంది కదా, లెక్కకు వ్యాసార్థం పట్టా దగ్గర తీసుకోవాలా, మనిషి గుండె దగ్గరా?

ఇలాంటి కోస్టర్ ఎక్కినవాళ్లు కూడా చెప్పండి: ముందు వరసకూ చివరి వరసకూ తేడా ఎంత తెలుస్తుంది? మహారాష్ట్రలోని ఇమాజికా పార్కు నైట్రో కోస్టర్ లెక్కలోకి రాదు, అందులో కాళ్లు వేలాడినా పట్టా బండికి కింది వైపే ఉంటుంది. రివ్యూ దగ్గర పడింది, ఒకటే టెన్షన్. కొంచెం తొందరగా చెప్పండి అన్నా.