అప్‌డేట్: గోల్ఫ్‌లో నా స్కోరు 100 కిందికి వచ్చింది!

డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద క్లబ్‌తో) దూరం పెంచుకోవాలా, షార్ట్ గేమ్ (హోల్‌కి దగ్గర్లో కొట్టే చిన్న షాట్లు) మీద పడాలా అని పోయినసారి అడిగాను కదా, మీలో ఎక్కువమంది పటింగ్ (బంతిని నేల మీద హోల్‌లోకి దొర్లించడం) అన్నారు, అదే పట్టుకున్నాను. ఇప్పుడు 90ల్లో ఆడుతున్నాను, ఈ ఆటలో ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత మంచిది కదా! దూరం నుంచి కొట్టే పట్ నేరుగా పడాలని చూడకుండా, రెండోది సులువయ్యేంత దగ్గరికి చేరిస్తే చాలనుకుంటున్నాను. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లే, బంతి జోరుగా వస్తే అంచు తాకి పక్కకి తిరిగిపోతుంది, అందుకే దిశకన్నా వేగం మీదే నా ధ్యాస. చెట్ల మధ్య పడితే మారు మాట్లాడకుండా ఫెయిర్‌వేలోకి (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారిలోకి) కొట్టేస్తున్నాను. హ్యాండిక్యాప్‌కి (ఆటగాడి స్థాయి చూపే అంకెకి) చివరి 20 స్కోర్లలో మంచివి 8 మాత్రమే తీసుకుంటారని ఒకరు చెప్పారు, ఆ ఒక్క మాటతో చెడ్డ రౌండ్ టెన్షన్ పోయింది, ఆట మళ్లీ సరదాగా ఉంది. బంకర్లే (ఇసుక గుంతలే) ఇంకా లొంగలేదు, ఇసుకలో మీరెలా సాధన చేస్తారో చెప్పండి.